ఏడో జత

ల్యాబులో ఆమెకు జతలక్కయ్య అని పేరు. ఎదురుగా ఉన్నప్పుడు ఉత్త అక్కయ్యే. మొదటి సగం ఆమె తలుపు దాటాక చేరుతుంది. ఈ సంగతి ఆమెకు తెలియదని వాళ్ళనుకుంటారు, ఆమె తెలియనట్టే ఉంటుంది. ముప్పై మూడేళ్ళుగా చేస్తున్న పని జతలు కలపడమే అయినప్పుడు ఆ పేరు తిట్టు ఎలా అవుతుంది?

మనిషి కణంలో నలభై ఆరు క్రోమోజోములుంటాయి. అమ్మ ఇచ్చినవి ఇరవై మూడు, నాన్న ఇచ్చినవి ఇరవై మూడు. రంగు పట్టించి మైక్రోస్కోపు కింద పెడితే ఒక్కొక్కటీ నలుపు తెలుపు చారల పురుగులా కనిపిస్తుంది. ఆ చారలను బట్టి ఏది దేని జోడో పట్టుకుని, పెద్దది ఒకటో నంబరు, తర్వాతది రెండో నంబరు అని వరుసగా కూర్చోబెట్టాలి. జోడు లేనిది ఉందా, ఇద్దరుండాల్సిన చోట ముగ్గురున్నారా, ఒకదాని తోక ఇంకోదానికి అతుక్కుందా అని చూడాలి. రక్త క్యాన్సరు వచ్చినవాళ్ళ ఎముక మూలుగ ఆ గదికి చిన్న గొట్టాల్లో వస్తుంది, ఒక కాగితమై బయటికి పోతుంది. గొట్టం మీద పేరుండదు, నంబరుంటుంది.

ఇంట్లోనూ ఆమె తీరు అదే. ఆమె భర్త రైలు గార్డుగా చేసి రిటైరయ్యాడు. బట్టలారేసే తీగ మీద తన సాక్సులు కూడా పెద్దవాటి నుంచి చిన్నవాటికి వరుసలో ఉంటాయని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. పక్కింటివాళ్ళ కుక్కకు ఏ మందు వేస్తున్నారో కూడా మెట్లు దిగేలోపు నలుగురికి చెప్పేస్తాడు.

ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తల్లో కంప్యూటర్లు లేవు. కణాన్ని ఫొటో తీసి, ప్రింటు వేసి, కత్తెరతో ఒక్కొక్క క్రోమోజోమునూ కత్తిరించి అట్టమీద జిగురుతో అతికించేవాళ్ళు. ఒకరోజు ఆమె తుమ్మింది. బల్లమీదున్న నలభై ఆరు ముక్కలూ గాల్లోకి లేచాయి. నేలంతా వెతికి ఏరుకొచ్చి, అతికించి, ఇరవై ఒకటో నంబరులో ఒకటి లేదని బుద్ధిగా రాసి అప్పటి పెద్దాయన ముందు పెట్టింది. ఆయన కాగితం చూశాడు, ఆమె మొహం చూశాడు, తర్వాత ఆమె పాదాల వైపు చూశాడు. "పోయింది రోగికి కాదమ్మా. నీ చెప్పుకి అంటుకుని ఉంది," అన్నాడు.

పెద్దాయన వెళ్ళిపోయినా ఆ మాట ల్యాబులో సామెతై నిలిచింది. పోయిందనే ముందు చెప్పు కింద చూసుకో. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ మొదటిరోజే చెబుతారు, ఎవరి చెప్పో మాత్రం చెప్పరు.

అసలు నియమం కూడా ఆ సామెత లాంటిదే. ఒక్కో మనిషివి ఇరవై కణాలు చదవాలి. ఏదైనా క్రోమోజోము ఎక్కువగా ఉంటే రెండు కణాల్లో కనిపిస్తే చాలు, అది నిజమే అని రాయొచ్చు. అదే తక్కువైతే మాత్రం మూడు కణాల్లో కనిపించాలి. ఎందుకంటే కణాలను పైనుంచి చుక్కగా స్లైడు మీద పడేసినప్పుడు అవి పగిలి పరుచుకుంటాయి, ఆ పడటంలో ఒకటో అరో పక్కకు జారిపోవచ్చు. ఎక్కువైంది ఎక్కడినుంచో ఊడిపడదు. తక్కువైంది మాత్రం మన చేతిలో పోయినదీ కావచ్చు. అందుకే రెండు కణాల్లోనే లేకపోతే అది లెక్కలోకి రాదు, మూడింట్లో లేకపోతే కాగితం మీదికి వస్తుంది. సరిగా పరుచుకోని కణాన్ని వదిలేసి పక్కదానికి వెళ్ళొచ్చు. ఏది సరిగా పరుచుకుందో తేల్చేది చదివేవాళ్ళే.

ఒకరు చదివాక రెండోవారు అందులో ఐదింటిని సరిచూసి కింద సంతకం పెట్టాలి. ఆమె తర్వాత చూసేవాడు పదిహేనేళ్ళుగా ఒక్కడే. మంచివాడు, మితభాషి, కళ్ళజోడు తాడు మెడలో వేలాడుతుంటుంది. అతన్ని రెండో కన్ను అంటారు. ఈ పేరు మాత్రం ఎదురుగానే పిలుస్తారు. చుట్టాల నమూనా వస్తే చదవకూడదు, ఇంకొకరికి ఇచ్చెయ్యాలి అనేది ఇంకో నియమం. ముప్పై మూడేళ్ళలో దాని అవసరం ఆమెకు ఒక్కసారీ పడలేదు.

నేర్చుకునే రోజుల్లో మాత్రం చదివిందంతా చుట్టాలనే. అప్పట్లో సొంత రక్తం మీదే చెయ్యి తిప్పుకునేవాళ్ళు. ఆమె తనది అయ్యాక అమ్మది, నాన్నది, టెక్నికల్ స్కూల్లో చదువుతున్న తమ్ముడిది కూడా పట్టుకొచ్చింది. తమ్ముడు సూది చూసి కుర్చీలోనే వాలిపోయాడు. ఆ అట్టలు నాలుగూ ఇప్పటికీ ఇంట్లో బీరువా అడుగున ఉన్నాయి. అమ్మ తొమ్మిదో నంబరులో ఒకదానికి నడుమ దగ్గర ముక్క తిరగబడి ఉంది. వందమందిలో ఒకరిద్దరికి అలా ఉంటుంది, దానివల్ల ఏ హానీ లేదు. నాన్న పదిహేనో నంబరు నెత్తిన మామూలుకంటే పెద్ద బొడిపె ఉంది. అదీ హాని లేనిదే. అక్కకూ తమ్ముడికీ రెండూ వచ్చాయి. "ఆస్తులంటే ఇవేరా మనకి," అని ఆ అట్ట చూపించి తమ్ముణ్ని ఏడిపించేది. ఆమె తిరగబడిన తొమ్మిది స్లైడు ల్యాబులో పాఠం చెప్పడానికి ఇప్పటికీ వాడతారు.

తమ్ముడు లిఫ్టు మెకానిక్కు అయ్యాడు. సూదికి పడిపోయినవాడు పద్నాలుగు అంతస్తుల గొయ్యి మీద పలక వేసుకుని నిలబడి తాడు పరీక్ష చేస్తాడు. ఆదివారాలు పెళ్ళాన్ని తీసుకుని అక్క ఇంటికి భోజనానికి వస్తాడు, వచ్చినవాడు ఊరుకోడు, కుళాయో గడియో ఏదో ఒకటి బాగుచేసి వెళతాడు. ఒక్క లిఫ్టు తప్ప. అక్క ఉండేది నాలుగో అంతస్తు, ఆ భవనంలో లిఫ్టు తనిఖీ వాళ్ళ కంపెనీదే, అయినా ఎప్పుడడిగినా "మావాణ్ని పంపుతాలే" అంటాడు. ఊరందరినీ ఎక్కించి దింపేవాడికి అక్క లిఫ్టంటే అలుసు అని ఆమె దెప్పుతుంది. వాడు నవ్వి ఊరుకుంటాడు.

ఆ శుక్రవారం వచ్చిన నమూనా కొత్త ఆసుపత్రిది. ఇన్నాళ్ళూ వాళ్ళవి ఇంకో ల్యాబుకు వెళ్ళేవి, అది మూతపడటంతో ఇటు రావడం మొదలైంది. కాగితం మీద ఇలా ఉంది: పురుషుడు, నలభై ఎనిమిది, దీర్ఘకాలిక రక్త క్యాన్సరు, మాత్ర మొదలై నాలుగేళ్ళు, జబ్బు అదుపులో ఉంది, ఈమధ్య తెల్లకణాలు తగ్గాయి, కారణం చూడగలరు.

ఈ జబ్బంటే ఆమెకు బాగా తెలుసు. తొమ్మిదో నంబరు తోక, ఇరవై రెండో నంబరు తోక ఒకదానికొకటి మారి అతుక్కుంటాయి. ఆ అతుకులోంచి పుట్టే ఒక పదార్థం కణాలను ఆగకుండా పెంచుతుంది. ఆమె చేరిన రోజుల్లో ఆ అతుకు ఉందని కాగితం రాయాలంటే చెయ్యి సాగేది కాదు. తర్వాత మాత్ర వచ్చింది. పాత మందుల్లా మంచీ చెడూ చూడకుండా అన్నిటినీ బాదదు, ఆ ఒక్క పదార్థాన్నే పట్టుకుంటుంది. రోజూ మింగుతూ ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళు, మనవల్ని ఎత్తుకున్నవాళ్ళు ఇప్పుడు ఎందరో. అతుకు ఉన్న కణాలు ఏడాది తిరిగేసరికి స్లైడు మీద కనిపించడం మానేస్తాయి.

అయితే కొందరిలో ఒక విచిత్రం జరుగుతుంది. పాత అతుకు పోతుంది, దాని చోట లేచిన మంచి కణాల్లో ఇంకో తప్పు తల ఎత్తుతుంది. ఎనిమిదో నంబరు ఒకటి ఎక్కువవుతుంది, లేదా ఏడో నంబరు ఒకటి మాయమవుతుంది. మాత్ర వల్లో, వయసు వల్లో, ఆ మూలుగ పడిన కష్టం వల్లో ఎవరూ గట్టిగా చెప్పలేరు. చాలావరకు అవి చుట్టపుచూపుగా వచ్చి వాటంతటవే పోతాయి. ఏడు మాయమైనప్పుడు మాత్రం కళ్ళలో వత్తులు వేసుకుని కనిపెట్టాలి, కొందరిలో అది ముదిరి మొదటిదానికంటే పెద్ద జబ్బుకు దారితీస్తుంది. ముందే తెలిస్తే డాక్టర్లు ఏదో ఒకటి చేయగలరు. కాగితం మీద లేకపోతే, మళ్ళీ సూది పెట్టి మూలుగ తీసి చూడాలని ఎవరికీ తోచదు.

మొదటి ఐదు కణాలు ముడుచుకుని ఉన్నాయి, లెక్క సరిపోయింది, చారలు అంత తెలియలేదు. ఆరో కణం దగ్గర ఆమె చెయ్యి ఆగింది. తొమ్మిదో నంబరు ఒకటి చక్కగా చాపుకుని పడుకుని ఉంది, నడుమ తిరగబడి. ఉంటే ఉంది, వందలో ఒకరిద్దరికి ఉంటుంది కదా అనుకుని పదిహేనో నంబరు చూసింది. నెత్తిన బొడిపె ఉంది. మళ్ళీ కాగితం తీసి చూసింది. పురుషుడు, నలభై ఎనిమిది.

ఆమె లేచి కిటికీ దాకా వెళ్ళి, ఎదురుగా ఉన్న బస్టాపులో జనాన్ని కాసేపు చూసి, వచ్చి కూర్చుంది. అప్పుడే ఆ స్లైడును రెండో కన్నుకు ఇచ్చెయ్యాలి. ఎందుకు అని అడుగుతాడు. తమ్ముడిదని చెబితే, వాడు నాలుగేళ్ళుగా తనకే చెప్పని సంగతి ల్యాబంతా తెలుస్తుంది. నంబరుకి చుట్టాలేమిటి, నేనేం పేరు చూశానా అని తనకు తాను సర్దిచెప్పుకుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు చదవడం మొదలుపెట్టింది.

పాత అతుకు ఎక్కడా లేదు. అది చూసి ఆమెకు ప్రాణం లేచొచ్చింది. పదకొండో కణంలో ఏడు ఒక్కటే ఉంది. జారిపోయి ఉంటుందిలే అనుకుని చుట్టూ వెతికింది, దొరకలేదు. పదహారో కణంలోనూ ఒక్కటే. ఇక అక్కణ్నించి ఆమె చదువుతున్నది కణాలను కాదు. పదిహేడు బాగుంది, పద్దెనిమిది బాగుంది. పంతొమ్మిదోది కంటి ముందుకు వచ్చింది. చక్కగా పరుచుకుంది. కుడివైపు ఒక ఏడు. ఎడమవైపు వెతికింది, మధ్యలో వెతికింది. తర్వాత మైక్రోస్కోపు మర తిప్పింది. ఆ కణం మెల్లగా పక్కకు జరిగి కనుమరుగైంది.

దాని తర్వాత దొరికిన రెండూ మంచివే. ఇరవై పూర్తయ్యాయి. ఏడు లేనివి రెండు, లెక్కలోకి రావు. మామూలుగా ఉంది అని రాసి సంతకం పెట్టింది. రెండో కన్ను ఆమె ఎంచి ఇచ్చిన ఐదు బొమ్మలూ చూసి, ఒకదాని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగి, ఏమీ అనకుండా పక్కన పెట్టాడు. కాగితం సోమవారం మధ్యాహ్నం వెళ్ళాలి.

ఆదివారం తమ్ముడూ మరదలూ వచ్చారు. ఆమె వాణ్ని చూసింది. కనురెప్పల కింద ఉబ్బు, ఆ మాత్ర మింగేవాళ్ళకు ఉండేదే. నాలుగేళ్ళుగా అది నిద్రలేమి అనుకుంటోంది, పొద్దున్నే డ్యూటీకి వెళతాడు కదా అని. భోజనమయ్యాక వాడు వంటింట్లోకి వెళ్ళి పెద్ద గ్లాసు నిండా నీళ్ళు పట్టుకుని ఏదో నోట్లో వేసుకున్నాడు. ఇదీ ఎప్పుడూ చూసేదే.

"ఏంట్రా ఆ మాత్ర?" అంది.

"విటమినక్కా," అన్నాడు.

ఆ మాటకు బల్ల దగ్గర మరదలి చెయ్యి ఆగింది. భర్త చెయ్యీ ఆగింది. ఆయన కంచంలోకి చూస్తూ, రైళ్ళు ఈమధ్య ఎంత ఆలస్యంగా నడుస్తున్నాయో చెప్పడం మొదలుపెట్టాడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి నాలుగేళ్ళు ఇంత పెద్ద విషయం నానబెట్టాడన్నమాట. అందరికీ తెలుసు. తెలియనిది తనకొక్కదానికే. కోపం రావాల్సిన చోట ఆమెకు సిగ్గేసింది, ఎందుకంటే ఆ క్షణంలో అందరికంటే పెద్ద రహస్యం దాచింది తనే.

వాళ్ళు వెళ్ళాక బీరువా అడుగు నుంచి తమ్ముడి అట్ట తీసింది. జిగురు పచ్చబడింది, ముక్కలు మాత్రం ఊడలేదు. ఏడో గడిలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి, తన కత్తెరతో కత్తిరించినవి, వంకర లేకుండా అతికించినవి. పోయిందనే ముందు చెప్పు కింద చూసుకోమన్నాడు పెద్దాయన. తను దొరికినదాన్ని తీసుకెళ్ళి చెప్పు కింద పెట్టి తొక్కింది. ఇది ఇంకెవరి నమూనా అయినా ఇరవై దగ్గర ఆగేది కాదు, ముప్పైకి వెళ్ళేది, యాభైకి వెళ్ళేది. కాకి పిల్ల కాకికి ముద్దంటారు. ముద్దు సరే, దానికి జబ్బు చేస్తే కాకికి కనిపించాలి కదా.

సోమవారం అందరికంటే ముందు వెళ్ళి రెండో కన్ను కోసం కూర్చుంది. అతను సంచీ పెట్టకముందే స్లైడు చేతికిచ్చింది.

"ఇది నేను చదవకూడదు. చుట్టాలది."

"పేరు లేదుగా అక్కయ్యా," అన్నాడు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "తొమ్మిది చూసి నేనూ అనుకున్నాను. మీ తొమ్మిది మీదే కదండీ నేను పాఠం నేర్చుకుంది," అన్నాడు.

"మరి అడగలేదేం?"

"మీరు చెబుతారనుకున్నాను."

"ఇంకోటుంది. పంతొమ్మిదోదాన్ని వదిలేశాను."

"పరుచుకోలేదా?"

"పరుచుకుంది."

అతను కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఆ కణం ఎక్కడుందో ఆమె రాసుకోలేదు, ఇప్పుడు వెతికినా దొరకదు. కొత్త స్లైడ్లు చేసి మొదటినుంచీ యాభై చదువుతానన్నాడు. సరిదిద్దిన కాగితం మీద కూడా మొదటి సంతకం కొట్టేసి కనబడాలన్నది నియమం. తప్పులు రాసే పుస్తకం ఒకటుంది, అందులో ఆమెనే రాయమన్నాడు. మొదట చదివినవారు రోగికి బంధువు, తెలిసీ చెప్పలేదు, లెక్కలోకి రావాల్సిన ఒక కణాన్ని వదిలేశారు అని రాసింది. "వారు" అని రాసినందుకు తనకే నవ్వొచ్చి, కొట్టేసి "నేను" అని పెట్టింది. పై అధికారి దాన్ని చదివి ఆమెకు ఒక మెమో ఇచ్చాడు. ముప్పై మూడేళ్ళలో మొదటిది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని భర్త అంటే, అసలు ఈ బురదలోకి దించింది మీ మౌనమే అని ఆయనతో రెండ్రోజులు మాట్లాడలేదు.

అతను చదివిన మూడు రోజులూ ఆమె ఆ గదిలోకి వెళ్ళలేదు. వెనక గదిలో గాజు పలకలు కడిగింది, సీసాలకు చీటీలు అతికించింది. ఎన్ని కణాలని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. కానీ గురువారం అతని చేతిలో వెళుతున్న కాగితం ముందటిదానికంటే మూడు లైన్లు పొడుగుంది. మామూలుగా ఉన్నదాన్ని మామూలుగా ఉందని చెప్పడానికి అన్ని లైన్లు పట్టవు. ఆమె కుళాయి కట్టేసి, తడి చేతులు ఎక్కడ తుడుచుకోవాలో తెలియనట్టు అలాగే నిలబడింది.

మూడు ఆదివారాలు తమ్ముడు ఏదో వంక చెప్పి రాలేదు. నాలుగో ఆదివారం ఒక్కడే వచ్చాడు. వచ్చీ రాగానే కిటికీ గడియ వదులైందని స్క్రూడ్రైవరు తీశాడు. ఆమె వెనకాల కుర్చీలో కూర్చుంది.

"అక్కా, రిపోర్టు కింద ఒక సంతకం కొట్టేసి ఉంది," అన్నాడు, అటు తిరిగే.

"ఊఁ."

"నీదే."

"ఊఁ."

"ఎందుకు కొట్టేశారు?"

"చుట్టాన్ని కాబట్టి."

స్క్రూడ్రైవరు తిరగడం ఆగింది. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఆరో కణం దగ్గర."

వాడికి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాడు గానీ భుజాలు కదిలాయి. తర్వాత ఇటు తిరిగి కిటికీ గట్టు మీద కూర్చున్నాడు. డాక్టరు చెప్పిందంతా చెప్పాడు. పాత జబ్బు లేదట. కొత్తగా ఏడో నంబరు ఒకటి కొన్ని కణాల్లో లేదట. ఏమీ కాకపోవచ్చు, అయితే మాత్రం ముందే పట్టుకోవాలి కాబట్టి నెల నెలా రక్త పరీక్ష, మూడు నెలలకు మళ్ళీ మూలుగ. ఇది కనిపించకపోయి ఉంటే తెల్లకణాలు తగ్గడం మాత్ర వల్లే అనుకుని ఊరుకునేవాళ్ళట.

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెబితే నువ్వు నన్ను చూడవు. లోపలున్నవి చూస్తావు. ఆదివారం ఒక్కరోజన్నా తమ్ముడిగా ఉందామనుకున్నాను. బావని నేనే ఒట్టు వేయించాను, ఆయన్నేమీ అనకు."

చల్లకొచ్చి ముంత దాచడం తనకు చేతకాదు కాబట్టి చెప్పేసింది. "మొదట నేను మామూలుగా ఉందని రాశాను. మూడోది కనబడింది. తిప్పేశాను."

"తెలిసే తిప్పావా?"

"తెలిసే. రెండయితే లెక్కలోకి రాదు. మూడయితే రాయాలి."

వాడు స్క్రూడ్రైవరు మొనను వేలితో తుడిచాడు. కోప్పడతాడని ఆమె చూసింది. తిడితే బాగుండుననిపించింది.

"లిఫ్టు తాడులో సన్న తీగలుంటాయి తెలుసా," అన్నాడు చివరికి. "ఇంత పొడుగులో ఇన్ని తెగితే తాడు మార్చాలని ఒక లెక్కుంది. అంతకు ఒకటి తక్కువైతే ఫర్వాలేదు, వాడొచ్చు. కొత్తలో అత్తగారుండే బిల్డింగుకి వెళ్ళాను. లెక్కపెడితే సరిగ్గా ఒకటి తక్కువ వచ్చింది. సంతోషంగా సంతకం పెట్టి వచ్చేశాను. మర్నాడు ఎందుకో అనుమానమొచ్చి ఇంకొకణ్ని పంపాను. వాడికి నాలుగు ఎక్కువొచ్చాయి."

ఆమె వాడివైపే చూస్తోంది.

"అప్పట్నుంచి మనవాళ్ళుండే బిల్డింగు తాడు నేను ముట్టుకోను. మీ లిఫ్టు ఇరవై ఏళ్ళుగా ఎందుకు చూడట్లేదనుకున్నావు?"

అలుసై అనుకున్నానని ఆమె అనలేదు. ఇరవై ఏళ్ళు దెప్పిన దెప్పుళ్ళన్నీ ఒక్కసారి చెవిలో మోగాయి. ఏడుపొచ్చింది, ఏడ్చింది. వాడు లేచి గడియ బిగించడం పూర్తి చేశాడు.

మూడు నెలలకు ఆ ఆసుపత్రి నుంచి గొట్టాలు వచ్చినప్పుడు ఆమె నంబర్లు చూడలేదు. నలభై ఎనిమిదేళ్ళ పురుషుడు, నాలుగేళ్ళ మాత్ర అని ఉన్న కాగితాన్ని బోర్లించి, గొట్టంతో సహా రెండో కన్ను బల్లమీద పెట్టి, తన స్లైడ్ల దగ్గరికి వెళ్ళిపోయింది. అతను చదువుతున్నాడని తెలుసు. మధ్యాహ్నం టీ దగ్గర ఇద్దరూ వర్షాల గురించి మాట్లాడుకున్నారు. ఇంత కష్టమైన టీ తను ఎప్పుడూ తాగలేదని ఆమె తర్వాత భర్తతో అంది. ఆయన ఆ మాటను మెట్లు దిగేలోపు ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం తమ్ముడూ మరదలూ వచ్చారు. ఆ ఉదయం లిఫ్టు ఆగిపోయింది, నాలుగు అంతస్తులూ ఎక్కి వచ్చారు. వాడికి ఆయాసం తీరేదాకా ఆమె నిలబడే ఉంది. వాడు జేబులోంచి కాగితం తీసి బల్లమీద పెట్టాడు.

"యాభై చదివారట. యాభైలోనూ ఏడు రెండేసి ఉన్నాయట. మళ్ళీ ఆరు నెలలకు చూస్తామన్నారు."

ఆమె కాగితం అందుకోలేదు.

"నువ్వు చూడలేదుగా?" అన్నాడు.

"లేదు."

"స్లైడు కూడా?"

"గొట్టం మీది నంబరు కూడా చూడలేదురా."

"అయితే నమ్మొచ్చు," అని వాడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆమె వాడి కంచం తెచ్చి ముందు పెట్టి, పెద్ద గ్లాసు నిండా నీళ్ళు పట్టి పక్కన పెట్టింది.